‘ప్రెసిడెంటు గారు’ అనే పిలుపుకి ఓ శివారు రైతు విన్నపం

మహారాజశ్రీ ప్రెసిడెంటు అనే బిరుదు వారి సముఖమునకు, కోనసీమ శివారు ఆయకట్టు రైతు నమస్కరించి వ్రాయునది.

ఆయ్, తమరు క్షేమమే అనుకుంటాను. ఒకే ఊళ్లో ఇన్ని ఇళ్లల్లో కాపురం చేసేవారికి లోటేముంటుంది?

మా పొలాలకి నీళ్లు తెచ్చే బోదె గుర్రపుడెక్కతో పూడుకుపోయి చుక్క నీరు దిగట్లేదని నిన్న కాలవ నీళ్లు చూసే లస్కరుతో మొత్తుకుంటే, “ప్రెసిడెంటు గారి చేత చెప్పించండి” అన్నాడు. మిట్టమధ్యాహ్నం బయల్దేరాను. పంచాయతీ ఆఫీసు దగ్గర మీ పేరెత్తగానే ఒకాయన గంభీరంగా లేచాడు. ప్రెసిడెంటు గారి మొగుడట! చట్టం ఆ పదవిని సర్పంచ్ అంటుంది. సగం సీట్లు ఆడవాళ్లవనీ అంటుంది. గెలిచింది ఆవిడ, తమరు వాలింది మాత్రం ఆయన భుజమ్మీద. “నీళ్ల సంగతి మాది కాదండీ, ప్రెసిడెంటు గారిని కలవండి” అని ఆయనే ఇల్లు చూపించాడు.

ఆ ఇంట్లో ఉన్నది సొసైటీ ప్రెసిడెంటు. నేను నోరు తెరవకముందే “యూరియా లేదండీ” అన్నాడు. పక్క వీధిలో ఉన్నది మాజీ. పదవి ఎప్పుడో పోయింది, తమరు మాత్రం ఆ గుమ్మం దిగలేదు. కాఫీ ఇప్పించి, తన హయాంలో వేసిన సిమెంటు రోడ్డు గురించి పొద్దువాలే దాకా చెప్పాడు. గుడి కమిటీ వారినీ, కులసంఘం వారినీ నేను కదపలేదు. ఓపిక లేదు.

నాకు కావలసింది 1997 చట్టంతో పుట్టిన నీటి సంఘం ప్రెసిడెంటట. ఆయన పైన డిస్ట్రిబ్యూటరీ కమిటీకి మరో ప్రెసిడెంటు. మొదటాయన భీమవరం పెళ్లికెళ్లాడు. రెండో ఆయన ఫోనెత్తడు.

మీ చుట్టాలూ ఏం తక్కువ తినలేదు. మా ఊళ్లో డైరెక్టర్లు బోలెడుమంది, ఒక్కడూ సినిమా తీయలేదు. ‘డాక్టరు గారు’ అంటే ఒకాయన గేదెల్ని చూస్తాడు, ఇంకొకాయన పద్యాల మీద పరిశోధన చేశాడు. అర్ధరాత్రి గుండెలో నొప్పొస్తే ఎవరి తలుపు కొట్టాలి?

ధవళేశ్వరంలో కాటన్ దొర ఆనకట్ట 1852కే పూర్తయింది. అక్కడి నుంచి మా ఊరిదాకా గోదారి నీళ్లు దారి తప్పకుండా వస్తున్నాయి. ఆ చివరి బోదె దాటడానికి మాత్రం నీ సిఫార్సు కావాల్సొచ్చింది!

ఇంక తమరూ లేదు, తాటాకులూ లేదు. నారు ఎండిపోతోందయ్యా! దండ వేస్తామంటే అన్ని మెడలూ ముందుకొస్తాయి, బోదె అనేసరికి అందరూ పక్కింటి ప్రెసిడెంటుని చూపిస్తారు. రేపు కత్తులూ పలుగులూ పట్టుకుని మేమే దిగుతున్నాం. డెక్క లాగేటప్పుడు ఫొటో కోసం నువ్వు ఏ మెడలో పడి గట్టు మీదకొచ్చినా సరే, మీద బురద పడుతుంది. ముందే చెబుతున్నాను.

ఇట్లు,
ఏ ప్రెసిడెంటూ కాని ఒక రైతు