ముసుగేసుకుని మోగే ప్రైవేట్ నంబర్ గారికి

ప్రైవేట్ నంబర్ గారూ, నమస్కారం.

'గారూ' అన్నది గౌరవం కొద్దీ కాదు, మీ వయసెంతో తెలియక. నంబర్ కనబడకుండా మోగే మిమ్మల్ని ఒక ఫోన్‌లో 'నో కాలర్ ఐడీ' అంటారు, ఇంకో దాంట్లో 'అన్‌నోన్', మరో దాంట్లో 'విత్‌హెల్డ్'. ఇన్ని పేర్లున్న మీకు ఒక్క నంబర్ లేకపోవడం ఏమిటో నాకు అర్థం కాదు.

మీరు మోగినప్పుడల్లా నాకు కలిగే టెన్షన్ మీకు తెలియాలనే ఈ ఉత్తరం. మామూలు నంబరైతే ఎత్తాలా వద్దా అనే ఒక్క ప్రశ్నే. మీ దగ్గరికొచ్చేసరికి ఫోన్ ఐదారుసార్లు మోగేలోపు నా జీవితం మొత్తం రివైండ్ అయిపోతుంది: ఎవరికైనా బాకీ ఉన్నానా, ఎవరినైనా తిట్టానా, ఏదైనా ఫారంలో తప్పు రాశానా అని. ఎత్తకపోతే ఇంకో బాధ. మీ మిస్డ్ కాల్‌కి తిరిగి చేయడానికి ఉండదు, సేవ్ చేసుకోవడానికి ఉండదు, ఎవరిదో కనుక్కుందామని నలుగురిని అడుగుదామంటే చెప్పడానికి ఒక్క అంకె కూడా ఉండదు. ఆకాశరామన్న ఉత్తరమే నయం, కనీసం దస్తూరీ చూసి ఎవరిదో ఊహించొచ్చు.

సరే, మీ మంత్రాలు నాకూ తెలుసు. చాలా మొబైల్ నెట్‌వర్కుల్లో నంబర్‌కి ముందు #31# కొడితే ఆ ఒక్క కాల్‌కి మీరు ప్రత్యక్షమవుతారు. అమెరికా, కెనడాల్లో అయితే *67, బ్రిటన్‌లో 141. రోజూ కావాలనుకునేవాళ్ళకి ఫోన్ సెట్టింగ్స్‌లోనే కాలర్ ఐడీ, అంటే అవతలివాడికి మన నంబర్ చూపించే ఏర్పాటు, ఆపేసే మీట ఉంటుంది, నెట్‌వర్క్ ఒప్పుకుంటే. ఇంత చేశాక మీరు మాయమైపోయారనుకుంటారు కదా? అక్కడే నాకు నవ్వొస్తుంది. మీ నంబర్ ఎక్కడికీ పోదు. మామూలుగా అది కాల్‌తో పాటే ప్రయాణం చేస్తుంది, 'దీన్ని చూపించకండి' అన్న ఒక చిన్న గుర్తు తగిలించుకుని. ఆ గుర్తు చూసి, ఇటు చివర నా నెట్‌వర్క్ వాడు నంబర్ చేతిలో పెట్టుకునే నాకు మాత్రం చూపించడు. దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడన్నమాట. అంటే మీ ముసుగు ఇనప తెర కాదండీ, ఒక విన్నపం. నెట్‌వర్క్ వాడు మర్యాదస్తుడు కాబట్టి మన్నిస్తున్నాడు.

బిల్లు వేసేవాడికి మీరు తెలుసు. పోలీసులు పద్ధతి ప్రకారం రికార్డులు అడిగితే వాళ్ళకీ తెలుస్తారు. 112కో 911కో అత్యవసరంగా ఫోన్ చేస్తే ముసుగు ఉన్నా వాళ్ళకి నంబర్ వెళ్ళేలా ఏర్పాటు ఉంటుంది. ఇంతమందికి తెలిసిన మీరు దాక్కుంటున్నది ఎవరి నుంచయ్యా అంటే, ఫోన్ చెవిన పెట్టుకుని "హలో, ఎవరూ?" అంటున్న నా ఒక్కడి నుంచి. పిల్లి కళ్ళు మూసుకుని పాలు తాగడం అంటే ఇదే.

ఇంత మాట అంటున్నవాడిని, నేనూ ఒకసారి మీ వేషం కట్టాను, దాచడం ఎందుకు. ఒక స్నేహితుడు చేబదులు తీసుకుని నా ఫోన్ ఎత్తడం మానేశాడు. కొత్త నంబర్ అనుకుని ఎత్తుతాడని సెట్టింగ్స్‌లో కాలర్ ఐడీ ఆపేసి కొట్టాను. ఎత్తలేదు. మళ్ళీ కొట్టాను, ఎత్తలేదు. ఒళ్ళు మండి, "ఎన్నిసార్లు చేసినా ఎత్తవేంరా?" అని మెసేజ్ పెట్టాను. మెసేజ్‌కి మీ ముసుగు వర్తించదని అప్పటిదాకా నాకు తెలియదు, నా నంబర్‌తో, నా పేరుతో శుభ్రంగా వెళ్ళింది. వాడి జవాబు వెంటనే వచ్చింది: "ఓహో, ఆ ప్రైవేట్ నంబర్ నువ్వేనా?" దొంగకు తేలు కుట్టినట్టయింది నా పని. డబ్బు ఎగ్గొట్టినవాడు వాడు, సిగ్గుపడాల్సి వచ్చింది నేను.

అంతటితో అయిపోలేదు. ఆ మీట మళ్ళీ వెయ్యడం మర్చిపోయాను. నాలుగు రోజులు నేను ఎవరికి ఫోన్ చేసినా ఎత్తేవాడు లేడు. అందరూ ఒక్కసారిగా నన్ను వెలివేశారేమో అనుకున్నాను. చివరికి అమ్మే చేసింది: "ఏరా, ఫోనే లేదు నీ దగ్గర్నుంచి? ఎవడో పేరూ ఊరూ లేనివాడు మాత్రం పొద్దస్తమానం చేస్తున్నాడు, నేను ఎత్తనుగా." నా తెలివి గురించి నాకున్న అభిప్రాయం ఆ రోజు బాగా తగ్గింది.

మీ వంశ చరిత్ర కూడా కాస్త చదివాను. ఒకప్పుడు ఫోన్లన్నీ ప్రైవేట్ నంబర్లే, ఎవరు చేస్తున్నారో ఎత్తితే గానీ తెలిసేది కాదు, ఎవరూ దాన్ని నేరం అనుకోలేదు. అమెరికాలో 1980ల చివర్లో కాలర్ ఐడీ వచ్చినప్పుడు గొడవ అటువైపు నుంచి లేచింది, చేసేవాడి నంబర్ అడక్కుండా చూపించడం ఏమిటని. పెన్సిల్వేనియాలో 1990లో ఒక కోర్టు అది చట్టానికి విరుద్ధమనే తేల్చింది. మీ పుట్టుక వెనకున్న వాదన అదే, చేసేవాడికీ కాస్త మరుగు ఉండాలి అని. న్యాయమైన వాదనే, కాదనను. కొట్టే మొగుడి నుంచి పారిపోయి ఎక్కడో తలదాచుకున్న ఆవిడ ఇంటికి ఫోన్ చేసి పిల్లలెలా ఉన్నారో కనుక్కోవాలంటే మీరు కావాలి. రాత్రిపూట సొంత ఫోన్ నుంచి రోగికి చేసే డాక్టరుకీ మీరు కావాలి, లేకపోతే తెల్లారేసరికి ఆయన నంబర్ ఆ వీధి మొత్తానికి చేరుతుంది.

కానీ మీరు వాళ్ళ దగ్గరే ఉన్నారా? ఆకతాయిలకి అద్దెకెళ్ళారు, అర్ధరాత్రి ఫోన్ చేసి ఊపిరి మాత్రమే వినిపించే మహానుభావులకి తోడెళ్ళారు, విడిపోయాక కూడా వదలని ప్రేమికుల చేతిలో ఆయుధమయ్యారు. ఫలితం ఏమైంది? మిమ్మల్ని చూడగానే కోసేసే ఏర్పాట్లు వచ్చాయి. అమెరికాలో ల్యాండ్‌లైన్ మీద *77 కొడితే నంబర్ దాచినవాళ్ళ కాల్ మోగనే మోగదు. ఐఫోన్‌లో 2019లో ఐఓఎస్ 13తో తెలియని కాల్స్‌ని మోగకుండా చేసే మీట వచ్చింది. ఇప్పుడు ఆ ఆవిడ చేసినా, డాక్టరు చేసినా అవతల నిశ్శబ్దమే. ఆకతాయికి పోయేదేముంది, ఇంకో నంబర్ చూసుకుంటాడు.

పైగా అసలు మోసగాళ్ళు చాలామంది మిమ్మల్ని ఎప్పుడో వదిలేశారు, ఆ సంగతి మీకు తెలుసో లేదో. మీరు ముసుగు వేసుకొస్తే, వాళ్ళు ఇంకొకడి ముఖమే తగిలించుకొస్తున్నారు, అంటే తెర మీద వేరే ఎవరిదో నంబర్ కనిపించేలా చేసి. మీరు కనీసం 'నేను చెప్పను' అని ఒప్పుకుంటున్నారు. వాళ్ళ పక్కన పెట్టి చూస్తే మీరే కాస్త నిజాయితీపరులు, ఇది మెచ్చుకోలు అనుకుంటే అనుకోండి.

ఈ ఉత్తరం రాస్తుండగానే రెండుసార్లు మోగారు. ఎత్తలేదు. ఒకవేళ చేసింది మా డాక్టరు గారే అయితే, దయచేసి ఒక మెసేజ్ పెట్టండి సార్, అందులో నంబర్ ఎలాగూ కనిపిస్తుంది.

ఇట్లు,
నా నంబర్ మీకు తెలుసు.