ముసలాయనకి నొప్పి ఉండొచ్చు, కోరిక మాత్రం ఉండకూడదా?

జపాన్ రచయిత తనిజాకి రాసిన 'పిచ్చి ముసలాడి డైరీ' గురించి ఎక్కడ మాట వచ్చినా ఒకటే తంతు. కోడలి పాదాల మీద మోజుపడ్డ 77 ఏళ్ల మామగారి కథ అనగానే "ఛీ, ఈ వయసులో ఇదేం పోయేకాలం, కృష్ణా రామా అనుకుంటూ కూర్చోక" అంటారు కొందరు. "అబ్బే, కోరిక పైపైకే, అసలు విషయం మృత్యువు" అంటూ మర్యాదగా దుప్పటి కప్పేస్తారు ఇంకొందరు. రెండు మాటలకీ నాకు ఒళ్లు మండుతుంది. ఆ నవలలో కోరిక కోరికే, చావు చావే. రెండూ ఒకే ఒంట్లో కాపురం ఉంటున్నాయి. అది ఒప్పుకోవడానికి మనకెందుకింత ఇబ్బంది?

1961-62లో పత్రికలో సీరియల్‌గా వచ్చిన నవల ఇది. ఉత్సుగి అనే డబ్బున్న టోక్యో పెద్దాయన రాసుకునే డైరీ. ఎడమ చెయ్యి ఒకటే పోటు, మంచులా చల్లబడిపోతుంది. పేజీల నిండా నిద్రమాత్రలు, ఇంజెక్షన్లు, బీపీ లెక్కలు, మెడని లాగి పట్టే ట్రాక్షన్ చికిత్స. ఒకప్పుడు డాన్సర్‌గా పనిచేసిన కోడలు సత్సుకో షవర్ కింద నిలబడి మోకాలి దిగువన ముద్దు పెట్టుకోనిచ్చిన సంగతి కూడా ఆ పేజీల్లోనే, అదే గొంతుతో ఉంటుంది. బీపీ ఎంత పెరిగిందో రాసిన చేత్తోనే ఎందుకు పెరిగిందో కూడా రాస్తాడు. ఈ ఉద్రేకంలో ప్రాణం పోతుందేమో అన్న భయం ఆయన్ని ఆపదు సరికదా, ఇంకాస్త ఎగదోస్తుంది.

ఒకచోట పళ్లసెట్టు తీసేసి అద్దంలో మొహం చూసుకుంటాడు. పెదాలు లోపలికి పోయి, ముక్కు కిందికి వేలాడుతున్న ఆ మొహాన్ని ఒక్కో అంగుళం వర్ణిస్తాడు. కోతి కూడా ఇంత వికారంగా ఉండదంటాడు. తన మీద తనకి జాలి లేదు, దాపరికం అంతకన్నా లేదు. యవ్వనం గురించి బోలెడు పుస్తకాలు చదివాను గానీ, తన ఒంటిని ఇంత సూటిగా చూసుకున్న కుర్ర హీరో ఒక్కడూ నాకు తగల్లేదు.

ఇక సమాధి సంగతి. తన కోసం స్థలం చూసుకోవడానికి క్యోటో వెళ్తాడు. బౌద్ధంలో బుద్ధుడి పాదముద్రలు చెక్కిన రాళ్లని పూజిస్తారు కదా, ఈయన తన సమాధి రాయి మీద కోడలి పాదాలు చెక్కించాలనుకుంటాడు. హోటల్ గదిలో ఆమె అరికాళ్లకి ఎర్ర రంగు అద్ది, తెల్ల కాగితాల మీద ముద్ర మీద ముద్ర తీస్తాడు. ఆ పాదాల కింద తన ఎముకలు నలుగుతుంటే నొప్పి, నొప్పి అని ఏడుస్తూనే ఇంకా తొక్కమంటానని ఊహించుకుంటాడు. చచ్చాక మోక్షం కాదు ఆయన అడిగేది, ఇంకొంచెం నొప్పి. నొప్పి ఉంటేనే తను ఉన్నట్టు. మృత్యువు గురించి ఇంతకన్నా నిజాయితీగా రాసిన మాట నేను చదవలేదు.

మర్నాడే సత్సుకో టోక్యో పారిపోతుంది. వెనకే వచ్చిన ముసలాయన జబ్బున పడతాడు. అక్కడితో డైరీ ఆగిపోతుంది. మిగతా కథ నర్సు రాసిన నోట్సు, డాక్టరు రికార్డు, కూతురి మాటలు. నిన్నటిదాకా 'నేను' అన్న మనిషి ఉన్నట్టుండి 'పేషెంటు' అయిపోతాడు: నాడి ఇంత, బీపీ ఇంత. ఆ నోట్సులో అబద్ధం ఒక్కటీ లేదు, ఆ మనిషీ లేడు. గమనించండి, ఆయన చావలేదు, కోలుకుంటున్నాడు కూడా. పోయింది ఆయన మాట.

1958లో జబ్బు చేసి తనిజాకికే కుడిచెయ్యి పడిపోయింది. ఈ నవల ఆయన నోటితో చెబుతుంటే వేరొకరు రాసుకున్నది. 1965లో, 79 ఏళ్లకి పోయాడు. చెయ్యి మాట వినకపోవడం అంటే ఏంటో తెలిసే రాశాడు.

అలాగని ముసలాయన్ని నెత్తిన పెట్టుకోమని కాదు. సొంత కూతురికి డబ్బు సాయం చెయ్యనన్నవాడు, కోడలికి 30 లక్షల యెన్‌ల వైడూర్యం ఉంగరం కొనిపెడతాడు. కోరికకి బిల్లు ఉంది, అది ఇంట్లోవాళ్లే కట్టాలి. తనిజాకి దాన్నీ దాచలేదు. కనీసం సత్సుకో మేలుకుని ఉంది, బేరం ఆడుతుంది, వద్దనుకుంటే వెళ్లిపోతుంది. దాదాపు అదే సమయంలో ఇంకో జపాన్ రచయిత కవబాత రాసిన 'నిద్రించే సుందరుల ఇల్లు' చూడండి. మత్తుమందుతో నిద్రపోయే అమ్మాయిల పక్కన పడుకోవడానికి ముసలివాళ్లు డబ్బు కట్టే చోటు అది. చివర్లో ఒక అమ్మాయి చనిపోతుంది. ఆ ఇల్లు నడిపే ఆవిడ, అక్కడికొచ్చే 67 ఏళ్ల ఎగుచితో, ఇంకో అమ్మాయి ఉందిగా అంటుంది. అందమైన వాక్యాలని ఈ పుస్తకాన్ని మెచ్చుకునేవాళ్లు ఆ ఒక్క మాట దగ్గర ఎందుకు ఆగరో నాకు అర్థం కాదు.

కోడలి వైపు నుంచి చూడాలంటే 1972లో అరియోషి సవాకో రాసిన నవల ఉంది. మతిపోయిన 84 ఏళ్ల మామగారు కన్నకొడుకునే గుర్తుపట్టడు, ఒకప్పుడు తను సతాయించిన కోడలు అకికోని మాత్రం గుర్తుపడతాడు. ఆవిడ ఉద్యోగం చేస్తూనే ఆయన మలమూత్రాలు ఎత్తుతుంది. మొగుడు మొహం తిప్పుకుంటాడు. సేవ చేసే చేతుల లెక్క అంత వివరంగా రాసింది కాబట్టే జపాన్‌లో లక్షల కాపీలు అమ్ముడుపోయింది.

ఇన్ని చెప్పినా నా గొడవ ఒకటి మిగిలే ఉంది. ఉత్సుగి పెళ్లాం. ఆ ఇంట్లోనే ఉంటుంది, ఆవిడా ముసలిదే. మొగుడి మాత్రల లెక్క మనకి తెలుసు, ఈవిడ మోకాళ్ల సంగతి ఎవరికీ తెలియదు. కోరికా? ఆ ప్రశ్నే లేదు. చాలా ఏళ్లు ఆగాక, 2017లో వకతకె చిసాకో అనే రచయిత్రి 63 ఏళ్ల వయసులో తొలి నవల రాసి, 2018 జనవరిలో అకుతగావా అనే పేరున్న సాహిత్య బహుమతి తెచ్చుకుంది. అందులో 74 ఏళ్ల మొమోకో భర్త పోయాక ఒంటరిగా ఉంటుంది. ఆయన్ని ప్రాణంగా ప్రేమించింది, కుమిలి కుమిలి ఏడ్చింది. అయినా ఆ చావులో తనకి ఓ చుక్క సంతోషం కూడా ఉందని ఒప్పుకుంటుంది: ఇక తన బతుకు తను బతకొచ్చని.

మామగారి డైరీ చదివి ఛీ అన్నవాళ్లు మొమోకోని ఏమంటారో వినాలని ఉంది. కామెంట్లలో చెప్పండి, కానీ చదివి చెప్పండి.