రైతుభరోసా సొమ్ము ఎవరి ఖాతాలో పడుతోంది?

వాట్సాప్ గ్రూపుల్లో ఒక మెసేజ్ మళ్లీ మళ్లీ తిరుగుతోంది. "తెలంగాణలో రైతులకు ఎకరానికి ఏడాదికి 12 వేలు ఊరికే ఇస్తున్నారు. పైన పీఎం కిసాన్ 6 వేలు. పన్ను కట్టేది మనం, కూర్చుని తినేది వాళ్లు" అని దాని సారాంశం. ఫార్వర్డ్ చేస్తున్నవాళ్లలో ఊళ్లో తాతల నాటి భూమి ఉండి పట్నంలో ఉద్యోగం చేసుకునేవాళ్లూ ఉన్నారు. అందుకే ఒక్కో మాటకూ జవాబు చెప్పాలి.

మొదటి మాట, "రైతులకు ఇస్తున్నారు." ఇస్తున్నది పట్టాదారుకు. 2018 మేలో పెట్టుబడి సాయంగా రైతుబంధు మొదలైనప్పుడు పంటకు ఎకరానికి 4 వేలు, తర్వాత 5 వేలు. 2025 జనవరి 26న అది రైతుభరోసాగా మారి 6 వేలైంది. పేరు మారినా పద్ధతి అదే: రికార్డులో భూమి ఎవరి పేరున ఉంటే డబ్బు వాళ్ల ఖాతాలోకే. దున్నుతున్నది ఎవరని అడిగే నాథుడు లేడు. అప్పటి ప్రభుత్వ భూరికార్డుల పోర్టల్ ధరణిలోనైతే, సాగు చేసేవాళ్ల పేరు రాసే అనుభవదారు కాలమ్‌నే ఎత్తేశారు.

దీంతో ఊళ్లో ఏం జరుగుతోందో చూడండి. భూమి యజమాని హైదరాబాద్‌లో ఉంటాడు. వానాకాలం మొదట్లో ఆయన ఫోన్‌కు డబ్బు పడినట్టు మెసేజ్ వస్తుంది. అదే రోజు ఆయన చేను కౌలుకు చేస్తున్న మనిషి ఎరువుల దుకాణంలో నిలబడి, నూటికి మూడు రూపాయల వడ్డీ ఒప్పుకుని బస్తాలు ఉద్దెర తీసుకుంటుంటాడు. కౌలు సొమ్ము అంతకుముందే కట్టేసి ఉంటాడు. పంట పోతే నష్టం మొత్తం అతనిదే. రైతుబీమా 5 లక్షలు కూడా పట్టాదారుకే కాబట్టి, గుంట భూమి లేని కౌలురైతు చనిపోతే ఆ ఇంటికి అదీ రాదు. 2023 ఎన్నికల్లో కౌలురైతుకూ కలిపి ఎకరానికి ఏటా 15 వేలు ఇస్తామని కాంగ్రెస్ హామీ ఇచ్చింది. అమలుకు వచ్చేసరికి 15 వేలు 12 వేలయ్యాయి, కౌలురైతు బయటే ఉండిపోయాడు. కోపం రావాల్సింది ఇక్కడ.

"ఏటా 12 వేలు" అన్న లెక్కా సరి కాదు. 2024 వానాకాలానికి అసలు ఇవ్వలేదు. ఆ యాసంగికి ఎకరం ఉన్నవాళ్లకు ముందు, రెండెకరాలవాళ్లకు తర్వాత అంటూ విడతలుగా వేశారు. పెట్టుబడి సాయం విత్తనాల వేళకు రాకపోతే రైతు అప్పుకే పోతాడు.

"కూర్చుని తింటున్నారు." పత్తి చేను లెక్క వేద్దాం. 2025లో బీటీ విత్తనాల ప్యాకెట్ 901 రూపాయలు. ఎకరానికి రెండు వేస్తే 1,802. డీఏపీ బస్తా ఒక్కటి 1,350. పంటకు వచ్చే రైతుభరోసా 6 వేలల్లో ఇక మిగిలింది 2,848. దున్నకం, కలుపు, మందుల పిచికారీ అందులోనే సర్దాలి. ఎనిమిది క్వింటాళ్లు పండి, ఏరినందుకు కిలోకు పది రూపాయలు ఇచ్చినా కూలీలకే 8 వేలు కావాలి. దీన్ని కూర్చుని తినడం అనగలమా?

పీఎం కిసాన్‌ను ఎకరాల లెక్కలో కలపడం ఇంకో పొరపాటు. ఆ 6 వేలు కుటుంబం మొత్తానికి, ఏడాదికి, మూడు విడతల్లో. అదీ పట్టా ఉంటేనే.

ఇక పన్ను. వ్యవసాయ ఆదాయానికి ఆదాయపు పన్ను లేదు, నిజమే. కానీ రెండు మూడెకరాల రైతు సంపాదన ఆ పన్ను పరిధికి ఎటూ చేరదు. కొత్త విధానంలో 12 లక్షల దాకా ఉద్యోగికే పన్ను పడటం లేదు కదా. పురుగుమందు డబ్బా మీద 18 శాతం జీఎస్టీ, ట్రాక్టర్‌లో పోసే డీజిల్ మీద పన్నులు రైతు కడుతూనే ఉన్నాడు.

మెసేజ్‌లో ఒక్క మాటను మాత్రం కాదనను: సాగు చేయనివాళ్ల ఖాతాల్లోకీ ప్రజల సొమ్ము పోతోంది. రైతుబంధులో ఎకరాలకు పరిమితి కూడా పెట్టలేదు. దానికి మందు రైతుల సాయం ఆపేయడం కాదు, సాగుదారును గుర్తించడం. అందుకు కొత్త చట్టం కూడా అక్కర్లేదు. కౌలురైతులకు రుణ అర్హత కార్డులు ఇవ్వాలని 2011లోనే ఉమ్మడి రాష్ట్రంలో చట్టం చేశారు. ఆ కార్డులు ఊరూరా ఇచ్చి, రైతుభరోసాను వాటికి ముడిపెట్టమని అడుగుదాం.