స్టేజ్ 1 సరే, వెనకున్న గేర్‌బాక్స్ సంగతేంటి?

"అన్నా, ఫోక్స్‌వాగన్ వర్టస్ 1.5 ఆటోమేటిక్ ఉంది. స్టేజ్ 1 చేయిద్దామనుకుంటున్నా. బాక్స్ తట్టుకుంటుందా?" ఈ ప్రశ్న ఎవరు అడిగినా రెండే రకాల జవాబులొస్తాయి. (స్టేజ్ 1 అంటే ఇంజిన్ కంప్యూటర్‌లోని సాఫ్ట్‌వేర్, అదే మ్యాప్, మార్చి బలం పెంచే రీమ్యాప్.) ఒకాయన "ఏం కాదు బ్రో, చేయించెయ్" అంటాడు. ఇంకొకాయన "ఆటోమేటిక్ అంటేనే సున్నితం, జోలికి పోకు" అంటాడు. నా దృష్టిలో రెండూ తప్పే. ఆ బండిలో ఏ గేర్‌బాక్స్ ఉందో, దాని లిమిట్ ఎంతో ఇద్దరిలో ఒక్కరూ మాట్లాడలేదు.

ముందు ఆటోమేటిక్ బలహీనం అన్న మాట తీసేద్దాం. ఫార్చ్యూనర్ 2.8 డీజిల్ మాన్యువల్‌లో టార్క్, అంటే ఇంజిన్ తిప్పే బలం, 420 న్యూటన్ మీటర్లు. అదే ఇంజిన్‌కి ఆటోమేటిక్ తగిలిస్తే 500. ఎక్స్‌యూవీ700 డీజిల్ మాన్యువల్‌కి 420, ఆటోమేటిక్‌కి 450. స్కార్పియో-ఎన్‌లో 370, 400. ఎక్కువ టార్క్ మోయడానికి కంపెనీలు ఆటోమేటిక్‌నే నమ్మాయి. బీఎండబ్ల్యూ అయితే ఎం5లో రెండు క్లచ్‌లతో గేర్లు మార్చే డ్యూయల్ క్లచ్ బాక్స్‌ని పక్కనపెట్టి, 600 హార్స్‌పవర్ ఇంజిన్ వెనక ఎనిమిది గేర్ల టార్క్ కన్వర్టర్ బాక్స్ (ఆయిల్ ద్వారా బలం అందించే మామూలు ఆటోమేటిక్) పెట్టింది. అమెరికాలో డ్రాగ్ రేసుల వాళ్లు 1950లో వచ్చిన షెవర్లే పవర్‌గ్లైడ్ డిజైన్‌ని ఇప్పటికీ వాడుతున్నారు. లోపలి భాగాలు గట్టివి వేసుకుంటారనుకోండి, కానీ మూలం అదే రెండు గేర్ల ఆటోమేటిక్.

ఇక వర్టస్ దగ్గరికి. వర్టస్, టైగున్, స్లావియా, కుషాక్, వీటిలో 1.5 టీఎస్‌ఐ (టర్బో పెట్రోల్) ఆటోమేటిక్‌కి వచ్చేది డీక్యూ200 డీఎస్‌జీ. డీఎస్‌జీ అంటే ఫోక్స్‌వాగన్ వాళ్ల డ్యూయల్ క్లచ్ బాక్స్. ఏడు గేర్లు, రెండు డ్రై క్లచ్‌లు (ఆయిల్‌లో మునగనివి), లిమిట్ 250 న్యూటన్ మీటర్లు. ఇంజిన్ స్టాక్‌లో, అంటే ఏ మార్పూ చేయకముందు, ఇచ్చేది ఎంత? సరిగ్గా 250! షోరూమ్ గేటు దాటేటప్పటికే బండి గీత మీద నిలబడి ఉంది. పాత ఆక్టావియా 1.8 ఇంజిన్ 180 హార్స్‌పవర్‌ది అయినా, ఈ బాక్స్‌తో ఇచ్చినప్పుడు టార్క్ 250 దగ్గరే ఆపేశారు. ఆడీ ఏ3 క్వాట్రోలో అదే 180 హార్స్‌పవర్‌ని ఆరు గేర్ల వెట్ క్లచ్ బాక్స్‌తో (క్లచ్‌లు ఆయిల్‌లో ఉండేది) ఇచ్చినప్పుడు 280 దాకా వదిలారు. తయారుచేసినవాళ్లే ఇంత స్పష్టంగా చెబుతుంటే మనం వినం. పాత పోలో జీటీ 1.2 టీఎస్‌ఐలోనూ డీక్యూ200నే, కానీ ఆ ఇంజిన్ ఇచ్చేది 175. ఇంకా 75 ఖాళీ ఉంది. అందుకే "నా పోలోకి ఏమీ కాలేదు" అని వర్టస్ 1.5 వాళ్లకి ధైర్యం చెప్పకండి, దయచేసి.

అసలు గేర్‌బాక్స్‌కి హార్స్‌పవర్‌తో పనిలేదు. దాన్ని చంపేది టార్క్, అందులోనూ రెండు వేల ఆర్‌పీఎం దగ్గర ఒక్కసారిగా తన్నుకొచ్చే టార్క్. 250 న్యూటన్ మీటర్లని 5000 ఆర్‌పీఎం దాకా పడిపోకుండా నిలబెట్టగలిగితే లెక్క ప్రకారం 178 హార్స్‌పవర్ వస్తుంది. స్టాక్ కన్నా 28 ఎక్కువ, బాక్స్ లిమిట్ దాటకుండానే. కానీ అలా రాసిన మ్యాప్‌లో సీటుకి అతుక్కుపోయే ఆ కిక్ ఉండదు. కిక్ లేకపోతే కస్టమర్ మెచ్చడు. కాబట్టి మ్యాప్ రాసే ట్యూనర్ తక్కువ ఆర్‌పీఎం నుంచే 300 దాటించి డైనో షీట్ (పవర్, టార్క్ కొలిచిన కాగితం) చేతిలో పెడతాడు.

నాకు నిజంగా కోపం తెప్పించేది ఇంకొకటుంది. ఇంజిన్ కంప్యూటర్ "ఇప్పుడు ఇంత టార్క్ వస్తోంది" అని గేర్‌బాక్స్ కంప్యూటర్‌కి ఎప్పటికప్పుడు చెబుతుంది. ఆ అంకెను బట్టే క్లచ్‌ని ఎంత గట్టిగా నొక్కి పట్టాలో బాక్స్ నిర్ణయించుకుంటుంది. టార్క్‌ని గీత దాటనివ్వని లిమిటర్ అడ్డొస్తోందని కొందరు ట్యూనర్లు ఆ అంకెనే తగ్గించి చెప్పేలా మ్యాప్ రాస్తారు. హమాలీకి యాభై కిలోల బస్తా అని చెప్పి ఎనభై కిలోలు భుజానికెత్తడం లాంటిది ఇది. బాక్స్ తక్కువ ప్రెషర్‌తో పట్టుకుంటుంది, క్లచ్ జారుతుంది, జారితే వేడి, వేడెక్కితే పట్టు ఇంకా తగ్గుతుంది. నడిపేవాడికి మొదట్లో ఏమీ తెలియదు. రెండో గేర్‌లో వణుకు మొదలయ్యేసరికి ప్లేట్లు అయిపోయి ఉంటాయి.

"కంపెనీ కొంత మార్జిన్ ఉంచుతుంది కదా?" ఉంచుతుంది. అది మే నెల మధ్యాహ్నం కోసం, ఐదుగురు సామానుతో ఎక్కే శ్రీశైలం ఘాట్ కోసం. హైదరాబాద్‌లో ఐకియా జంక్షన్ నుంచి బయోడైవర్సిటీ దాకా అంగుళం అంగుళం పాకే సాయంత్రం కోసం. టార్క్ కన్వర్టర్ బాక్స్‌లో ఆ పాకుడు వేడి ఆయిల్‌లోకి వెళ్లి కూలర్‌లో చల్లబడుతుంది. డ్రై క్లచ్‌కి చుట్టూ గాలి తప్ప దిక్కులేదు. మన ట్రాఫిక్ ఆ మార్జిన్‌ని ముందే సగం తినేస్తోంది, మిగిలిన సగం మీరు రీమ్యాప్‌కి ఇచ్చేస్తున్నారు.

చేయించాలనే ఉంటే చేయించండి, నేనెవర్ని ఆపడానికి? కానీ ట్యూనర్‌ని "ఎంత హార్స్‌పవర్ వస్తుంది" అని కాదు, "ఏ ఆర్‌పీఎంలో ఎంత టార్క్, బాక్స్ లిమిట్ ఎంత, గేర్‌బాక్స్ మ్యాప్ కూడా మారుస్తారా" అని అడగండి. ఇది డీక్యూ200 వరకే కాదు, ఆక్టావియా ఆర్‌ఎస్‌కైనా, బీఎండబ్ల్యూకైనా వర్తిస్తుంది. వెట్ క్లచ్ బాక్స్ అయితే ఆయిల్ మార్పు కంపెనీ చెప్పిన గడువుకన్నా ముందే చేయించండి. డీక్యూ200తో 1.5 అయితే మాత్రం నా సలహా ఒక్కటే, టార్క్ 250 దాటించొద్దు. వారంటీ సంగతి సరేసరి. సాఫ్ట్‌వేర్ మార్చినట్టు పట్టుబడితే ఫోక్స్‌వాగన్ గ్రూప్ రికార్డులో బండి మీద టీడీ1 అనే గుర్తు పడుతుంది, ఆ తర్వాత ఎంత వాదించినా లాభం లేదు.

ఇంకో ఘోరం, దీని గురించి ఎవరూ నోరెత్తరు. మూడేళ్లు రీమ్యాప్‌తో వాయించి, అమ్మే ముందు స్టాక్ ఫైల్ ఎక్కించి, "సింగిల్ ఓనర్, షోరూమ్ కండిషన్" అని పెడతారు. ఈఎంఐ మీద కొన్న ఇంకో మధ్యతరగతి మనిషి ఆ క్లచ్‌ల బిల్లు లక్షల్లో కడతాడు. సెకండ్ హ్యాండ్ డీఎస్‌జీ కొనేవాళ్లు అడ్వాన్స్ ఇచ్చే ముందే బాక్స్ కంప్యూటర్ స్కాన్ చేయించండి. క్లచ్‌లు ఎంత అరిగాయో, ఎంత వేడెక్కాయో అందులో ఉంటుంది. అమ్మేవాడు స్కాన్ వద్దంటే ఆ బండి వదిలేయండి.