నిషేధం తీరాక అబద్ధం ఎందుకు?

అమెరికాలో గడువు దాటి ఉండిపోయి, స్వదేశానికి తిరిగి వెళ్లి, మూడేళ్లో పదేళ్లో నిషేధం పూర్తి చేసుకున్నవారు మళ్లీ వీసాకు దరఖాస్తు పెట్టుకునేటప్పుడు మనవాళ్ల నోట తరచుగా వినిపించే సలహా ఒకటుంది: ‘నిషేధం అయిపోయింది కదా, పాత సంగతి ఎత్తకండి’. నా దృష్టిలో ఇంతకన్నా హానికరమైన సలహా మరొకటి లేదు.

1996లో చేసిన వలస చట్ట సవరణ ప్రకారం, అనుమతి లేని నివాసం 180 రోజులు దాటి ఏడాదికి లోపల ఉండి, దేశం నుంచి తొలగించే విచారణ మొదలు కాకముందే తమంతట తాము వెళ్లిపోయినవారికి మూడేళ్లు, ఏడాది లేదా అంతకు మించి ఉండి వెళ్లినవారికి పదేళ్లు మళ్లీ ప్రవేశం ఉండదు. ఈ నిషేధం దేశం విడిచినప్పుడే అంటుకుంటుంది. అంటే చేసినదాన్ని సరిదిద్దుకుందామని విమానం ఎక్కినవారి మీదే ఇది పడుతుంది. ఈ విడ్డూరాన్ని చట్టంగా చేసినవారిని మెచ్చుకోవడం కష్టం.

ఇందులో చిక్కుకున్నవారంతా తెలిసి గీత దాటినవారు కారు. హెచ్-1బి ఉద్యోగి చేతిలోని ఐ-797 ఆమోద పత్రంలో గడువు మూడేళ్లు ఉన్నా, పాస్‌పోర్టు అంతకన్నా ముందే ముగిసిపోతుంటే, విమానాశ్రయంలో అధికారి ఐ-94ను, అంటే దేశంలో ఎప్పటివరకు ఉండవచ్చో చెప్పే రికార్డును, సాధారణంగా పాస్‌పోర్టు తేదీ వరకే ఇస్తారు. కొత్త పాస్‌పోర్టు చేయించుకుంటే సరిపోతుందనుకుని, ఆ ఐ-94ను మళ్లీ తెరిచి చూడకుండా నెలల తరబడి పనికి వెళ్లినవారు మనలో ఉన్నారు. దీనికి భిన్నంగా, ఐ-94 మీద తేదీకి బదులు ‘డి/ఎస్’ (విద్యార్థి హోదా కొనసాగినంత కాలం) అని ఉన్న విద్యార్థులకు ఈ రోజుల లెక్క సాధారణంగా అధికారులో న్యాయమూర్తో నిర్ణయం చెప్పాకే మొదలవుతుంది. పద్దెనిమిదేళ్లు నిండని పిల్లలకు అసలు లెక్కే లేదు. నిషేధం పడకపోయినా పడిందనుకుని ఏళ్లు పోగొట్టుకునే అవకాశం కూడా ఉందన్నమాట.

ఇక నిషేధం గడువు తీరాక ఏమవుతుంది? వీసా దరఖాస్తుకు నింపే డీఎస్-160 ఫారంలో, అధికారులు ఇచ్చిన గడువు దాటి ఎప్పుడైనా అమెరికాలో ఉన్నారా అని సూటిగా అడుగుతారు. ‘ఎప్పుడైనా’ అన్నప్పుడు నిషేధం ముగిసినా జవాబు ‘అవును’ అనే ఉండాలి. వచ్చిన తేదీ ప్రభుత్వం దగ్గర ఉంటుంది, విమాన సంస్థలు పంపిన ప్రయాణికుల వివరాల నుంచి వెళ్లిన తేదీ కూడా చేరుతుంది. ఇంటర్వ్యూ చేసే అధికారి ముందు అవి తెరిచే ఉంటాయి. అక్కడ ‘కాదు’ అని రాయడం కొరివితో తల గోక్కోవడమే. ముఖ్యమైన విషయంలో కావాలని అబద్ధమాడినట్టు తేలితే పడే నిషేధానికి కాలపరిమితి లేదు. మినహాయింపులు ఉన్నాయి గాని, అవి అధికారుల విచక్షణ మీద ఆధారపడేవే.

నిజం చెప్పినంత మాత్రాన వీసా వచ్చి తీరుతుందని నేను అనడం లేదు. సందర్శక, విద్యార్థి వీసాలకు 214(బి) సెక్షన్ ఉండనే ఉంది. తిరిగి వెళ్లే ఉద్దేశం తమకు ఉందని అధికారిని నమ్మించాల్సిన భారం దరఖాస్తుదారుదే, పైగా ఒకసారి గడువు మీరినవారిని నమ్మడానికి ఆ అధికారి సహజంగానే వెనకాడతారు. అక్కడ పనికివచ్చేది ఆ మధ్య ఏళ్లలో స్వదేశంలో గడిపిన జీవితానికి రుజువులు: ఉద్యోగం, ఐటీ రిటర్నులు, కుటుంబం, అప్పటి పాస్‌పోర్టు మీద శంషాబాద్‌లో పడిన ముద్ర. గడువు మీరడంతో పాత వీసా దానంతటదే రద్దయిపోతుంది కాబట్టి, మామూలుగా సొంత దేశంలోనే, మనవాళ్లలో చాలామందికి నానక్‌రాంగూడ కాన్సులేట్‌లోనే, కొత్తగా దరఖాస్తు పెట్టుకోవాలి.

మన సంఘాలు ఏటా జరిపే సభల్లో వలస న్యాయవాదుల ప్రసంగాలు గ్రీన్‌కార్డు చుట్టూనే తిరుగుతాయి. గడువు మీరిన విషయం పరువుకు సంబంధించినదిగా మారడంతో, అడగాల్సినవారు సభలో నోరు మెదపరు, ఆ తరువాత ఏ ఏజెంటు దగ్గరికో చాటుగా వెళతారు. పేరు చెప్పకుండా ప్రశ్న పంపించే వీలు కల్పిస్తే చాలా మేలు. ఫారం నింపకముందే సమాచార స్వేచ్ఛా చట్టం కింద తమ రాకపోకల రికార్డులను తెప్పించుకోవచ్చని కూడా అక్కడ చెప్పాలి. ఫారాన్ని ఏజెంటు నింపినా సంతకం దరఖాస్తుదారుదే అవుతుంది, నింపడానికి ఎవరైనా సాయం చేశారా అన్న ప్రశ్న కూడా ఆ ఫారంలోనే ఉంటుంది.