ఎదురుచూడ్డానికి ఇంకో పద్ధతి కావాలి

వెబ్ పేజీలు రాసేవాళ్లు వాడే జావాస్క్రిప్ట్ లైబ్రరీ జేక్వెరీలో, సర్వర్‌కి రిక్వెస్ట్ పంపి జవాబు కోసం ఎదురుచూసే అజాక్స్ భాగాన్ని మళ్లీ మొదట్నుంచీ రాయాలని ఈ వ్యాసం ద్వారా డిమాండ్ చేస్తున్నాను. ఇప్పుడున్నది పనిచేయడం లేదని కాదు. శుభ్రంగా పనిచేస్తోంది, అదే సమస్య. పనిచేసే కోడ్‌ని ముట్టుకోకుండా వదిలేస్తే ఇంతమంది డెవలపర్లు ఏం చేసుకుని బతకాలి?

ఈ విషయంలో పెద్దలు చూపిన దారి ఉంది. 2011 జనవరి 31న వచ్చిన 1.5 వెర్షన్‌లో ఈ భాగాన్ని మొత్తం తిరగరాశారు. అంతకుముందు జవాబు వస్తే ఏం చేయాలో 'సక్సెస్' కింద, రాకపోతే ఏం చేయాలో 'ఎర్రర్' కింద, రిక్వెస్ట్ పంపేటప్పుడే రాసిచ్చేయాలి. తర్వాత ఇంకోటి గుర్తొస్తే మన ఖర్మ. 1.5 నుంచి రిక్వెస్ట్ పంపగానే చేతికి రసీదు లాంటిది ఒకటి వస్తుంది. దాని పేరు జేక్యూఎక్స్‌హెచ్‌ఆర్. పలకడానికి నోరు తిరగదు గానీ గుణం మంచిది. దానికి 'డన్' అంటూ ఎన్ని ఫంక్షన్లయినా, ఎప్పుడైనా తగిలించుకోవచ్చు. సర్వర్ జవాబు ఎప్పుడో వచ్చేసినా, ఆలస్యంగా తగిలించిన ఫంక్షన్‌కీ అది అందుతుంది. నిజంగా గొప్ప పనే. వ్యంగ్యం రాసుకునేవాడికి ఇలాంటివి ఇబ్బంది కాబట్టి త్వరగా దాటేద్దాం.

'డన్'కి అందే మూడింటిలో మొదటిది డేటా, చివరిది జేక్యూఎక్స్‌హెచ్‌ఆర్. పని చెడితే నడిచే 'ఫెయిల్'కి మొదటే జేక్యూఎక్స్‌హెచ్‌ఆర్. మరి గెలిచినా ఓడినా నడిచే 'ఆల్వేస్' సంగతి? గెలిస్తే 'డన్' వరస, ఓడితే 'ఫెయిల్' వరస. అంటే ఏం జరిగినా నడవాల్సిన ఫంక్షన్, ముందుగా ఏం జరిగిందో కనుక్కుంటే తప్ప తన చేతిలో ఉన్నదేమిటో చెప్పలేదు. ఇంత లోతైన ఆలోచన ఒక్క కమిటీ వల్ల అయ్యే పని కాదు.

తర్వాత 'దెన్' కథ. 1.5లో 'దెన్' ఫంక్షన్లను తగిలించి ఊరుకునేది. మనం తిప్పి ఇచ్చిన విలువ తర్వాతివాడికి చేరేది కాదు. అందుకోసం 1.6లో 'పైప్' తెచ్చారు. 1.8లో 'దెన్'కే ఆ గుణం ఇచ్చి, పాపం 'పైప్'ని ఇక వాడొద్దన్నారు. దాంతోపాటు రసీదు మీద ఉండే 'సక్సెస్', 'ఎర్రర్', 'కంప్లీట్' మెథడ్లకు కూడా నోటీసిచ్చి, 2016లో వచ్చిన 3.0లో పీకేశారు. అయితే రిక్వెస్ట్ సెట్టింగ్స్ లోపల రాసే 'సక్సెస్' మాత్రం భద్రంగా ఉంది. కర్లీ బ్రాకెట్ లోపల రాస్తే చట్టబద్ధం, బయట చుక్క పెట్టి రాస్తే నేరం. అమీర్‌పేటలో కోచింగ్ తీసుకుని ఇంటర్వ్యూకి వెళ్లే పిల్లలకు ఇంతకంటే మంచి ప్రశ్న దొరుకుతుందా?

అదే 3.0లో 'దెన్'ని ప్రామిస్ (ముందుముందు వచ్చే జవాబుకి జావాస్క్రిప్ట్ ఇచ్చే హామీపత్రం) ప్రమాణాలకు తగ్గట్టు మార్చారు. అంతకుముందు దాని లోపల మనం తప్పు చేస్తే, డెవలపర్లు తప్పులు చూసుకునే కన్సోల్‌లో ఎర్రటి అక్షరాలతో పరువు పోయేది. ఇప్పుడు ఆ తప్పు మర్యాదగా ఫెయిల్ దారి పడుతుంది. ఆ దారిలో పట్టుకునేవాడిని మనం పెట్టకపోతే అటే పోతుంది. ఇలా మాయమైన తప్పుల గురించి కన్సోల్‌లో కనీసం ఒక వార్నింగైనా పడాలని ఎక్సెప్షన్‌హుక్ అనే కాపలావాణ్ణి కూడా వేశారు. ఒక సంస్కరణ, దాన్ని కనిపెట్టి ఉండడానికి ఒక ఉద్యోగం. మన ప్రభుత్వ శాఖలు కూడా ఇలాగే పెరిగాయి గానీ, వాటికి ఇంత చక్కటి డాక్యుమెంటేషన్ లేదు.

ఇప్పుడు జావాస్క్రిప్ట్‌లోనే జవాబు వచ్చేదాకా ఆగే 'అవెయిట్' వచ్చింది కదా, ఇవన్నీ ఎందుకని కుర్రాళ్లు అడుగుతున్నారు. అవెయిట్ పెడితే డేటా ఒక్కటే చేతికొస్తుంది, వెంట రావాల్సిన మిగతా రెండూ గాలికి పోతాయి. పోనీ జేక్వెరీయే వద్దు, రిక్వెస్ట్ పంపడానికి బ్రౌజర్‌లోనే ఫెచ్ ఉందిగా అంటారు. ఫెచ్‌కి అడిగింది లేదని 404 వచ్చినా, సర్వర్ చెడిందని 500 వచ్చినా చింత లేదు. అవతలి నుంచి జవాబంటూ ఏదో ఒకటి వస్తే చాలు, విజయం కిందే జమ. పని అయిందా లేదా అన్నది విడిగా మనమే 'ఓకే' చూసి తెలుసుకోవాలి.

కాబట్టి నా ప్రతిపాదన ఇది. ఎదురుచూడ్డానికి కొత్త పద్ధతి ఒకటి పెట్టాలి, పాతవన్నీ అలాగే ఉంచాలి, వాటిని వాడినవాళ్లను కన్సోల్‌లో మందలించాలి. మైగ్రేషన్ పేరుతో ప్రతి కంపెనీలో ఒక టీమ్‌కి కనీసం మూడు స్ప్రింట్ల పని చూపించాలి. బటన్ నొక్కాక ఆ గుండ్రటిది ఎనిమిది సెకన్లు ఎందుకు తిరుగుతోంది, అవతల డేటాబేస్‌లో ఆ టేబుల్‌కి ఇండెక్స్ ఎందుకు లేదు అన్నవి మాత్రం ఈ కమిటీ పరిధిలోకి రావు. బ్యాకెండ్ వాళ్లని అడగండి. వాళ్లు కూడా ఏదో తిరగరాస్తున్నారట.