పాత డెస్క్‌టాప్‌కు ర్యామ్ వేయించే ముందు

2025 అక్టోబరు 14తో విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ సాధారణ మద్దతు ముగిసింది. పదేళ్ల కిందట కొన్న డెస్క్‌టాప్‌లతోనే నెట్టుకొస్తున్న డీటీపీ సెంటర్లు, ట్యూషన్ కేంద్రాలు, చిన్న అకౌంటెంట్ల ఆఫీసులు, మధ్యతరగతి ఇళ్లు ఇప్పుడు ఒకే ప్రశ్న ఎదుర్కొంటున్నాయి. ఇంకొంత ర్యామ్ (నడుస్తున్న ప్రోగ్రాములు వాడుకునే తాత్కాలిక మెమొరీ) వేయించి నడుపుకోవాలా, లేక తీసేసి కొత్తది కొనాలా? రిపేరు షాపులో చాలాసార్లు వినిపించే జవాబు 'ర్యామ్ పెంచితే సరిపోతుంది సార్' అనే. కొన్ని కంప్యూటర్ల విషయంలో ఆ మాట అక్షరాలా నిజం, కొన్నింటి విషయంలో శుద్ధ దండగ ఖర్చు. ఏది ఏ కోవలోకి వస్తుందో యంత్రం వయసు చెప్పదు. రోజువారీ పనిలో అది ఎంత మెమొరీ అడుగుతోందో చూసి నిర్ణయించాలి. ఆ లెక్క కంప్యూటర్‌లోనే కనిపిస్తుంది, పైసా ఖర్చు లేకుండా.

కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మీటలు కలిపి నొక్కితే టాస్క్ మేనేజర్ తెరుచుకుంటుంది. అందులో పెర్ఫార్మెన్స్ కిందనున్న మెమొరీ పేజీలో చాలామంది 'ఇన్ యూజ్' అన్న అంకె చూసి ఆగిపోతారు. అసలు సంగతి చెప్పేవి 'కమిటెడ్' అన్నచోట గీతకు అటూ ఇటూ ఉండే రెండు అంకెలు. నడుస్తున్న ప్రోగ్రాములన్నీ కలిసి ఎంత మెమొరీకి హామీ తీసుకున్నాయో మొదటిది చెబుతుంది. ర్యామ్, దానికి తోడుగా డిస్క్ మీద విండోస్ కేటాయించుకున్న పేజ్ ఫైల్ కలిసి ఎంతవరకు ఇవ్వగలవో రెండోది చెబుతుంది. 4 జీబీ ర్యామ్ ఉన్న ఒక ఆఫీసు కంప్యూటర్‌ను తీసుకుందాం. ట్యాలీ, జీఎస్టీ పోర్టల్, వాట్సాప్ వెబ్, మరో నాలుగైదు బ్రౌజర్ ట్యాబ్‌లు తెరిచి ఉండగా మొదటి అంకె 6 దాటిందంటే, ర్యామ్‌లో పట్టని సరుకు డిస్క్ మీదికి వెళ్తూ వస్తూ ఉండే అవకాశం ఎక్కువ. చెదురుమదురుగా ఉన్న సమాచారాన్ని సెకనుకు వంద సార్లకు అటూ ఇటూగా మాత్రమే అందుకోగల పాత హార్డ్ డిస్క్ ఆ రాకపోకలను తట్టుకోలేదు. డిస్క్ లైటు ఆరదు, మౌస్ బాణం కదులుతుంది, నొక్కిన విండో మాత్రం తెరుచుకోదు. ఇలాంటి యంత్రానికి మరో 4 జీబీ వేయించడం న్యాయమైన ఖర్చు, తేడా వేసిన రోజే తెలుస్తుంది.

అదే పనిలో ఆ అంకె 3 దగ్గరే ఉండి, అయినా కంప్యూటర్ నత్తనడక నడుస్తుంటే మాత్రం లోపం ర్యామ్‌లో లేదు. పక్కనే ఉన్న డిస్క్ పేజీలో వినియోగం నిమిషాల తరబడి 100 శాతం దగ్గర నిలిచిపోతే డబ్బు పెట్టాల్సింది ఎస్‌ఎస్‌డీ (తిరిగే పళ్లేలు లేని, చిప్పులతో చేసిన డిస్క్) మీద. హార్డ్ డిస్క్ తగిలించే పాత సాటా పోర్టుకే పెట్టగల మామూలు ఎస్‌ఎస్‌డీ కూడా చెదురుమదురు సమాచారాన్ని సెకనుకు వేల సార్లు అందుకోగలదు. అందుకే ర్యామ్ సరిపోతున్న యంత్రంలో మరింత ర్యామ్ నింపినదానికంటే హార్డ్ డిస్క్ మార్చినదానికే ఎక్కువ ఫలితం కనిపిస్తుంది. బ్రౌజర్, ఆఫీసు పనులు, సినిమాలు, పిల్లల ఆన్‌లైన్ పాఠాలు, ఈ స్థాయి వాడకానికి పాత డెస్క్‌టాప్‌లో 8 జీబీ దగ్గర ఆగిపోవాలన్నది నా నిశ్చితాభిప్రాయం. అంతకు మించి పెట్టే ప్రతి రూపాయీ రేపు కొనబోయే యంత్రం ఖాతాలోకి వెళ్లడం మేలు. వీడియో ఎడిటింగ్ చేసేవారి సంగతి వేరు. కానీ వారిని వెనక్కి లాగేది ఆ వయసు ప్రాసెసరే.

డీటీపీ సెంటర్లకు మరో చిక్కు ఉంది. పేజీలు కూర్చే పేజ్‌మేకర్ సాఫ్ట్‌వేర్, తెలుగు అక్షరాల అను ఫాంట్లు అలవాటైనవారు ఇప్పటికీ 32 బిట్ విండోస్ 7 మీదే పనిచేస్తున్న సందర్భాలు తక్కువేమీ కావు. 32 బిట్ విండోస్ 7 వాడుకోగలిగేది 4 జీబీ వరకే. అందులోనూ కొంత చిరునామాల స్థలాన్ని గ్రాఫిక్స్, ఇతర పరికరాలు తీసుకుంటాయి కాబట్టి చేతికి వచ్చేది మూడు జీబీలకు కాస్త పైమాటే. 'ఇన్‌స్టాల్డ్ మెమొరీ' ఎదురుగా 4 అని, పక్కనే యూజబుల్ 3.2 అని కనిపించడానికి కారణం ఇదే. అక్కడ మరో 4 జీబీ గుచ్చినా చాలావరకు అలంకారమే అవుతుంది. 64 బిట్ విండోస్‌కు మారితే తప్ప అది ఉపయోగపడదు. మారే ముందు పాత ప్రింటర్‌కూ, సాఫ్ట్‌వేర్ లాక్ పరికరానికీ 64 బిట్ డ్రైవర్లు దొరుకుతాయో లేదో చూసుకోవాలి. పేజ్‌మేకర్‌కు ఉన్న మెమొరీ చాలు. ఊపిరాడనివ్వనిది కస్టమర్లు వాట్సాప్‌లో పంపే పీడీఎఫ్‌లను తెరవడానికి పక్కనే నడుస్తున్న బ్రౌజర్. అందువల్ల బ్రౌజర్ పనిని వేరే యంత్రానికి మార్చడం కూడా ఆలోచించదగిన మార్గమే.

కొనాలని తేలాక అసలు కష్టం మొదలవుతుంది, ఏ ర్యామ్ పడుతుందన్నది. ర్యామ్ తరాలైన డీడీఆర్2, డీడీఆర్3 రెండింటికీ 240 పిన్నులే ఉన్నా అంచున గాటు ఉండే చోటు వేరు, వోల్టేజీ వేరు కాబట్టి ఒకదాని స్లాటులో మరొకటి దిగదు. డీడీఆర్4కు 288 పిన్నులు. ఇక్కడి వరకు తెలియనివారు తక్కువ. గాటు సరిపోయి కూడా పనిచేయని ర్యామ్‌ల దగ్గరే మోసపోతాం. జీ41 చిప్‌సెట్ (మదర్‌బోర్డులోని నియంత్రణ చిప్పులు) ఉన్న పాత డీడీఆర్3 బోర్డులు చిప్పుకు 2 గిగాబిట్లకు మించి గుర్తించవు. అందువల్ల ఒకవైపే ఎనిమిది చిప్పులున్న, అంటే చిప్పుకు 4 గిగాబిట్లున్న 4 జీబీ స్టిక్ (ర్యామ్ పలక) వేస్తే చాలాసార్లు స్క్రీన్ వెలగదు. అదే 4 జీబీ రెండు వైపులా ఎనిమిదేసి, మొత్తం పదహారు చిప్పులతో ఉంటే పనిచేస్తుంది. అంటే కౌంటర్ దగ్గర స్టిక్‌ను వెనక్కి తిప్పి చూడటమే అక్కడ సగం పరీక్ష. రెండో, మూడో తరం ఇంటెల్ ప్రాసెసర్లతో వచ్చిన హెచ్61 బోర్డులకు ఈ ఇబ్బంది లేదు, స్లాటుకు 8 చొప్పున 16 జీబీ వరకు తీసుకుంటాయి. ఆన్‌లైన్‌లో చవకగా కనిపించే కొన్ని డీడీఆర్3 స్టిక్‌లు ఏఎండీ బోర్డుల్లో మాత్రమే నడుస్తాయి. ఆ మాట ప్రకటనలో చిన్న అక్షరాల్లో ఎక్కడో ఉంటుంది. సర్వర్ల నుంచి తీసిన రిజిస్టర్డ్ ర్యామ్ మామూలు డెస్క్‌టాప్‌లో అసలు పనిచేయదు. రెండు స్లాట్లున్నప్పుడు ఒకే 8 జీబీ స్టిక్ కంటే రెండు 4 జీబీ స్టిక్‌లు మంచివి. రెండు దారుల్లో ఒకేసారి సమాచారం నడుస్తుంది, విడిగా గ్రాఫిక్స్ కార్డు లేనివారికి ఆ లాభం కంటికి కనిపిస్తుంది.

ధరల సంగతి 2025 ద్వితీయార్ధం నుంచి మారిపోయింది. ప్రపంచంలోని డీ-ర్యామ్ (ఈ స్టిక్‌లలో ఉండే మెమొరీ చిప్పులు)లో అత్యధిక భాగం తయారుచేసేవి శామ్‌సంగ్, ఎస్‌కే హైనిక్స్, మైక్రాన్ అనే మూడే కంపెనీలు. ఏఐ డేటా సెంటర్లు అడిగే ఖరీదైన మెమొరీ వైపు అవి మొగ్గడంతో మామూలు కొనుగోలుదారుకు దొరికే సరుకు తగ్గి డీడీఆర్4, డీడీఆర్5 ధరలు బాగా పెరిగాయి. వినియోగదారులకు నేరుగా అమ్మే తన క్రూషియల్ బ్రాండు వ్యాపారం నుంచి వైదొలగుతున్నట్లు 2025 డిసెంబరులో మైక్రాన్ ప్రకటించింది. కాబట్టి డీడీఆర్4 యంత్రం ఉన్నవారు కమిటెడ్ అంకె చూడకుండా కొనడం ఇప్పుడు మునుపటికంటే పెద్ద తప్పవుతుంది. పైగా ఇంటెల్, ఏఎండీల సరికొత్త డెస్క్‌టాప్ బోర్డులు డీడీఆర్5 మాత్రమే తీసుకుంటాయి. ఈరోజు కొన్న స్టిక్‌ను రేపటి యంత్రానికి మార్చుకోవచ్చన్న భరోసా కూడా లేదు.

ర్యామ్ పెంచితే విండోస్ 11 వస్తుందని నమ్మించి అమ్మడం మాత్రం ఎవరు చేసినా అన్యాయమే. విండోస్ 11 కనీస అవసరం 4 జీబీ. పాత యంత్రాలు ఆగిపోతున్నది ర్యామ్ దగ్గర కాదు, ఇంటెల్ అయితే సాధారణంగా ఎనిమిదో తరం నుంచి మాత్రమే ఆమోదించిన ప్రాసెసర్ల జాబితా, టీపీఎం 2.0 అనే భద్రతా ఏర్పాటు దగ్గర. రెండో తరం యంత్రంలో 16 జీబీ నింపినా ఆ గడప దాటదు. దానికి 8 జీబీ, ఒక ఎస్‌ఎస్‌డీ, విండోస్‌కు బదులుగా లైనక్స్ మింట్ లాంటి ఉచిత ఆపరేటింగ్ వ్యవస్థ ఇస్తే, విండోస్ సాఫ్ట్‌వేర్ తప్పనిసరి కాని ఇళ్లలో భద్రతా అప్‌డేట్లతో సహా మరికొన్నేళ్లు పనికొస్తుంది.

డీడీఆర్3 ఇప్పుడు ప్రధానంగా సెకండ్ హ్యాండ్ సరుకే. సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్ లాంటి చోటికి వెళ్లేవారు పాత స్టిక్‌ను, వీలైతే సీపీయూనే వెంట తీసుకెళ్లాలి. కొనే ముందు ఒక చిన్న పని చేసి చూడటం మంచిది. కరెంటు వైరు తీసేసి, పవర్ బటన్ కాసేపు నొక్కి పట్టి, ఉన్న స్టిక్‌ల బంగారు అంచులను రబ్బరుతో మెల్లగా తుడిచి మళ్లీ గట్టిగా గుచ్చితే, అప్పటిదాకా కనిపించని రెండో స్టిక్ కొన్నిసార్లు తిరిగి లెక్కలోకి వస్తుంది. కొత్తగా తెచ్చినదాన్ని మెమ్‌టెస్ట్86 ప్లస్ అనే ఉచిత ప్రోగ్రాముతో రాత్రంతా పరీక్షించాలి. ఒక్క ఎర్ర గీత వచ్చినా వెనక్కి ఇచ్చేయాలి, ఎందుకంటే చెడ్డ ర్యామ్ కంప్యూటర్‌ను ఆపేయడంతో సరిపెట్టదు, సేవ్ చేసిన ఫైళ్లనూ గుట్టుగా పాడుచేస్తుంది. వెనక్కి ఇవ్వగలగాలంటే బిల్లు మీద స్టిక్ పార్ట్ నంబరు, మార్చి ఇచ్చే గడువు ముందే రాయించుకోవాలి. రాయడానికి ఒప్పుకోని షాపును వదిలి పక్క షాపుకు వెళ్లాలి.